ముట్టని ఇస్తారి

మూడుసార్లు దిగిన కాకి మూడుసార్లూ ముట్టకుండానే లేచిపోయింది.

శామీర్‌పేట చెరువు ఒడ్డున, బాలమల్లును నిన్న కాల్చిన చోటికి పది అడుగుల దూరంలో, అయిదు మోదుగాకు ఇస్తార్లలో అన్నం, చేపల పులుసు, ఉడకబెట్టిన గుడ్లు పెట్టి ఉన్నాయి. పక్కన సీసాలో కల్లు. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టడం. బుధవారం పొద్దున ఎనిమిది నలభై అయింది. చుట్టాలు ముప్పై మంది దూరంగా నిలబడి చూస్తున్నారు. బాలమల్లు భార్య ఈదమ్మ చేతులు జోడించి, పోయిన మనిషికి ఒక్కొక్క మాటా ఇస్తోంది. కొడుకు సాయినాథ్ చదువు మాన్పించనంది. వలలు అమ్మనంది. ప్రతి మాటకూ ఆగి కాకి వంక చూసింది. కాకి తుమ్మకొమ్మ మీద ముక్కు రుద్దుకుంటూ కూర్చుంది తప్ప కిందికి రాలేదు.

చంపినవాళ్లెవరో తేలలేదని, అందుకే బాలమల్లు ముట్టడం లేదని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాటకు అందరి కళ్లూ సీఐ ప్రవీణ్ మీదికి తిరిగాయి. ప్రవీణ్ ఆ చూపుల్ని మోయగలిగినవాడే. సాయంత్రం నాలుగింటికి, పట్టుకున్న అంకితను కోర్టులో నిలబెడుతున్నానని, ఇక తినమని బాలమల్లుకు చెప్పుకోండని అన్నాడు.

అందరికంటే వెనక నిలబడ్డ లింగస్వామి కాకిని చూడటం లేదు. ఇస్తార్ల కింద నేలను చూస్తున్నాడు.

అతనికి జనంలో నిలబడటం అలవాటు లేదు. ఎస్సైగా పదమూడేళ్లు పనిచేసి, ఒక కేసులో తన పై అధికారి చెప్పినట్టు రాయలేక ఉద్యోగం వదిలేశాడు. అప్పట్లో ప్రవీణ్ అతని కింద కొత్తగా చేరిన కుర్రాడు. ఇప్పుడు లింగస్వామి ప్రైవేట్ డిటెక్టివ్. నిన్న రాత్రి మచ్చ బొల్లారం నుంచి పార్వతీదేవి అనే ఆమె వచ్చి, తన కూతురు అంకితను కాపాడమని అడిగింది. ఏడవలేదు, బతిమాలలేదు. కుర్చీ అంచున కూర్చుని, "మా పిల్ల చీమను కూడా తొక్కది సార్" అని మాత్రం అంది. ఆ మాట అతనికి నచ్చలేదు. పెరిగిన పిల్లల గురించి తల్లులకు తెలిసేది చాలా తక్కువ. అయినా కేసు తీసుకున్నాడు.

ఇరవై నాలుగేళ్ల అంకిత దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కెమిస్టు. అక్కడ ఇస్తార్లకూ, గంజిపిండితో చేసిన సంచులకూ మొక్కల నూనెలు పూస్తారు. అందులో పెట్టిన తిండికి రెండు మూడు రోజులు బూజు పట్టదు. పారేస్తే నెల తిరక్కుండా మట్టిలో కలిసిపోతుంది. నూనెను స్పిరిట్‌లో కలిపి పూసి, ఆరబెట్టే గదిలో ట్రేల మీద పరుస్తారు. స్పిరిట్ ఆవిరిని బయటికి లాగడానికి ఆ గదికి ఒక పెద్ద ఫ్యాన్ ఉంది. పూసే పని బాలమల్లుది. చెరువులో చేపలు తగ్గాక ఆ పనిలో చేరాడు. సోమవారం సాయంత్రం ఆ గదిలోనే ఊపిరాడక చనిపోయాడు. తలుపుకు బయట గడియ పెట్టి ఉంది. ఫ్యాన్ ఆగిపోయి ఉంది. ప్రాణం పోయింది సుమారు ఏడు గంటలకని డాక్టర్ రాశాడు.

రిజిస్టర్ ప్రకారం బాలమల్లు పూత పని ముగించింది అయిదూ ఇరవైకి. అంకిత సంతకం పెట్టి వెళ్లింది అయిదూ ముప్పై అయిదుకు. మరిచిపోయిన నోటుబుక్కు కోసం ఏడూ ముప్పై అయిదుకు తిరిగొచ్చి, గడియ తీసి, శవాన్ని చూసి ఫోన్ చేసింది. ఎనిమిదింబావుకు పోలీసులు గదికి సీలు వేశారు. వెళ్లేటప్పుడు లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా అంకితే ఫ్యాన్ ఆపి గడియ పెట్టిందని ప్రవీణ్ తేల్చేశాడు. తాను ఫ్యాన్ ఆపలేదని, గడియ పెట్టలేదని ఆమె రెండు రోజులుగా చెబుతూనే ఉంది.

లింగస్వామి ముందుకు వచ్చి ఇస్తార్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక ఎవరో గొణిగారు. అతను పట్టించుకోలేదు.

తుమ్మ మొదట్లో నుంచి ఒక చీమల బారు వస్తోంది. పులుసు వాసనకు తిన్నగా వచ్చి, ఇస్తారికి జానెడు దూరంలో ఆగి, విడిపోయి, చుట్టూ తిరిగి, నేల మీద ఒలికిన రెండు మెతుకుల దగ్గర మళ్లీ కలుస్తోంది. అయిదు ఇస్తార్ల చుట్టూ అదే తీరు. ఒక్క చీమ కూడా ఆకు మీదికి ఎక్కలేదు. ఈగలూ అంతే.

అతను వంగి వాసన చూశాడు. ముందు సాంబ్రాణి పొగ. దాని కింద పులుసు. దాని కింద ఇంకొకటి, ఘాటుగా, ముక్కు పొరను గీరుతూ.

వంట చేసిన ఆమెను పిలిచి పులుసులో వాము వేశారా అని అడిగాడు.

"చేపల పులుసుల వాము ఎవలేస్తరు సారూ? బాలింతకు పెట్టే కూరనా?" అందామె, కోపంగానే.

లింగస్వామి లేచి నిలబడ్డాడు. పోయిన వారం దాకా ఆ ఫ్యాక్టరీలో లవంగ నూనె ఒక్కటే వాడారు. వాము నూనె డబ్బా మొదటిసారి వచ్చింది సోమవారం మధ్యాహ్నం. మూత తీసింది మూడింటికి. దానితో పూసిన ఇస్తార్లు మొత్తం ఇరవై నాలుగు. అన్నీ బాలమల్లు చేతి మీదుగా ఆరబెట్టే గదిలోకి వెళ్లాయి. ఇదంతా అంకిత పొద్దున్నే స్టేషన్‌లో అతనికి చెప్పింది. పోలీసుల పంచనామాలో 'ఖాళీ ట్రేలు రెండు' అన్న మాట అతను స్వయంగా చదివాడు. ఆ ట్రేలు ఎందుకు ఖాళీగా ఉన్నాయని ఎవరూ అడగలేదు. అయిదూ ఇరవైకీ, ఏడూ ముప్పై అయిదుకూ మధ్య ఎవరో ఆ గదిలోంచి ఇస్తార్లు తీసుకెళ్లారు. వాటిలో అయిదు ఇప్పుడు చచ్చిన మనిషి ముందు పరిచి ఉన్నాయి.

ఇస్తార్లు ఎవరు తెచ్చారని ఈదమ్మను అడిగాడు. శ్రీకాంత్ పటేలు తెచ్చాడంది. పొద్దున ఏడింటికే వచ్చి, మేడ్చల్ బజారులో కొన్నానని బియ్యం, ఇస్తార్లు కారు డిక్కీలోంచి తీసి ఇచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోయాడట. శ్రీకాంత్ ఫ్యాక్టరీ మేనేజర్. మేడ్చల్‌లో భూములున్న ఇంటివాడు. మంచి మనిషని, పిలవకపోయినా వచ్చాడని ఆమె కళ్లు తుడుచుకుంది.

లింగస్వామి ఆమె అనుమతి అడిగి, అన్నాన్ని తన చేతులతోనే శుభ్రమైన నేల మీద కుప్పగా పోసి, ఒక ఇస్తారిని పేపర్లో చుట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, వెనక జనం ఒక్కసారిగా "ముట్టిండు, ముట్టిండు" అన్నారు. అతను తిరిగి చూడలేదు. ఈదమ్మ మాత్రం పరుగున వచ్చి అతన్ని కలుసుకుంది. తానూ స్టేషన్‌కు వస్తానంది. అంకిత తన మొగుడిని బాపూ అని పిలిచేదట, మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం ఆయనకు పెట్టేదట. "ఆ పిల్ల చెయ్యలే సారూ. గా సంగతి నాకు తెలుసు. ఆ పిల్ల పక్కన ఎవలన్న కూసోవాలె గద" అంది.

కట్ట మీద జీపు దగ్గర ప్రవీణ్ అడ్డం నిలబడ్డాడు.

"ఏంది లింగన్నా, కాకి వాంగ్మూలం ఇచ్చిందా? సంతకం పెట్టిందా, ఏలుముద్ర ఏసిందా?"

"కాకి సంగతి నాకు తెల్వదు. చీమలు ఇచ్చినయి."

"మస్తుంది. జడ్జి ముందల చీమల్ని నిలబెట్టు."

"ఫ్యాక్టరీ సీసీ కెమెరా సోమవారం అయిదూ యాభై ఎనిమిది నుంచి ఆరూ నలభై ఒకటి దాకా ఎందుకు ఆగింది?"

కరెంటు పోయిందని ప్రవీణ్ అన్నాడు. సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్‌తో తాను పొద్దున మాట్లాడానని, సోమవారం సాయంత్రం దూలపల్లికి ఒక్క నిమిషం కూడా కరెంటు పోలేదని లింగస్వామి చెప్పాడు. పోయింది ఆ ఫ్యాక్టరీ ఒక్కదానికే. అంటే ఎవరో కెమెరాను చంపడానికి మెయిన్ దించి, పని అయ్యాక ఎత్తారు. లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. ఫ్యాన్‌కు మాత్రం స్టార్టర్ ఉంది. ఒకసారి కరెంటు పోతే ఎవరైనా వెళ్లి పచ్చ బటన్ నొక్కేదాకా అది తిరగదు. కాబట్టి ఫ్యాన్ ఆగింది అయిదూ ముప్పై అయిదుకు కాదు, అయిదూ యాభై ఎనిమిదికి.

ప్రవీణ్ కాసేపు చెరువు వైపు చూశాడు. అతను మొండివాడే కానీ మూర్ఖుడు కాదు. తప్పు పట్టిన మనిషి తనకు ఒకప్పుడు పని నేర్పినవాడు కావడమే అతనికి కష్టంగా ఉందని లింగస్వామికి అర్థమైంది. తానైనా మరొకలా ఉండేవాడు కాదు.

"నాలుగింటికి కోర్టు. మూడింటికి శ్రీకాంత్‌ను పిలిపిస్త. నీకు ఇరవై నిమిషాలు. అండ్ల ఏం తేలకపోతే ఇగ నా దారికి అడ్డం రావద్దు" అన్నాడు ప్రవీణ్.

మూడింటికి అయిదు నిమిషాలుండగా శ్రీకాంత్ వచ్చాడు. నలభైకి దగ్గర వయసు, ఇస్త్రీ చొక్కా, తొందర లేని నడక. వరండాలో బెంచీ మీద అంకిత, ఆమె పక్కనే ఈదమ్మ కూర్చుని ఉన్నారు. శ్రీకాంత్ ఆగి ఈదమ్మకు ధైర్యం చెప్పాడు. అంకిత వైపు చూడలేదు. అంకిత కూడా తల ఎత్తలేదు. సీఐ గది తలుపు మూసుకుంది.

బల్ల మీద పేపర్ కప్పిన రెండు ఇస్తార్లున్నాయి. ఒకటి చెరువు ఒడ్డు నుంచి తెచ్చి కడిగినది. రెండోది లింగస్వామి వచ్చే దారిలో బజారులో కొన్నది. అతను పేపర్ తీశాడు. కడిగినా పోని ఘాటు చిన్న గదంతా నిండింది. ప్రవీణ్ ముక్కు రుద్దుకుని లేచి కిటికీ తెరిచాడు.

లింగస్వామి హత్య గురించి అడగలేదు. వ్యాపారం ఎలా ఉందని అడిగాడు. శ్రీకాంత్ హుషారుగా చెప్పాడు. యజమాని రక్షిత మేడం బెంగళూరులో ఉంటుందని, వాము నూనె పూతను వచ్చే నెల ఆమె తన పేరు మీద రిజిస్టర్ చేయించబోతోందని, కొనేవాళ్లు తన వెంట పడుతున్నారని చెప్పాడు. బాలమల్లు పోవడం తనకు సొంత మనిషి పోయినట్టుందని కూడా అన్నాడు. మాటలన్నీ సరైన చోట ఆగుతున్నాయి.

"గీ రెండిట్ల బజార్ల కొన్నది ఏది పటేలా?" అన్నాడు లింగస్వామి, ఇస్తార్లను అతని వైపు జరిపి.

శ్రీకాంత్ నవ్వాడు. రెండింటినీ చేతిలోకి తీసుకుని తిరగేశాడు. పుల్లల కుట్టు చూశాడు. వెలుతురుకు పట్టి ఈనెలు చూశాడు. లింగస్వామి అతని చేతులను కాకుండా ముఖాన్ని చూస్తున్నాడు. ఆ ముఖం చాలా శ్రద్ధగా పనిచేస్తోంది, ఒక్క చోట తప్ప.

"రెండూ బజార్ల కొన్నయే. పొద్దున నేను తెచ్చినయే గద" అన్నాడు శ్రీకాంత్, వాటిని కింద పెడుతూ.

ప్రవీణ్ కిటికీ దగ్గరే నిలబడిపోయాడు.

"వాసన?" అన్నాడు లింగస్వామి.

శ్రీకాంత్ చూపు అతని ముఖం మీదికి, అక్కడి నుంచి ప్రవీణ్ ముఖం మీదికి, అక్కడి నుంచి తెరిచిన కిటికీ మీదికి వెళ్లింది. అప్పుడు గట్టిగా గాలి పీల్చాడు. ఆ పీల్చడం ఒక క్షణం ఆలస్యమైంది.

"కొంచెం... లవంగం వాసన లెక్కుంది."

"లవంగం కాదు, వాము. కరోనా వచ్చినప్పటి నుంచేనా?"

 లింగస్వామికి అతని మీద జాలి లాంటిదేదో కలిగింది. అది అతనికి ఇష్టం లేని భావం. ముక్కు చచ్చిపోయిన మనిషి వాసనలు అమ్మి బతుకుతున్నాడు. కొనేవాడి ముఖం ఎప్పుడు విప్పారితే అప్పుడు తానూ తల ఊపాలి. ఎదుటివాడు పీల్చినప్పుడు పీల్చాలి. ఏళ్ల తరబడి పక్కవాడి ముఖంలోంచి ప్రపంచాన్ని వాసన చూసినవాడికి ఈ రోజు పొద్దున, ఒంటరిగా డిక్కీ తెరిచినప్పుడు, చూసుకోవడానికి పక్కన ముఖం లేదు. డిక్కీలో రెండు కట్టలు, ఒకటి బజారులో కొన్నది, ఒకటి ఆ గదిలోంచి ఎత్తుకొచ్చింది. రెండూ మోదుగాకులే. ఇంకెవరైనా మూత తీయగానే ఏది ఏదో చెప్పేవారు.

కారు డిక్కీలో ఎవరైనా ఏదైనా పెట్టొచ్చని శ్రీకాంత్ అన్నాడు. తన ఇంటివాళ్లు ఎవరో తెలుసుకోమన్నాడు. ముక్కు పనిచేయకపోతే కేసు పెడతారా అని ప్రవీణ్‌ను అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రవీణ్ చేతి గడియారం చూసుకున్నాడు. మూడూ పన్నెండు.

లింగస్వామి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఎన్నిసార్లు కొట్టిండు పటేలా, తలుపు?"

 బల్ల మీద ఉన్న శ్రీకాంత్ చూపుడువేలు కదిలింది. చెక్కను చాలా మెల్లగా తట్టింది. మూడుసార్లు తట్టి ఆగింది. మళ్లీ మూడు. తన వేలు ఏం చేస్తోందో అతనికి తెలియలేదు. ముందు ప్రవీణ్ చూశాడు, తర్వాత లింగస్వామి చూశాడు, చివర శ్రీకాంత్ చూసుకున్నాడు. ఆ చేతిని రెండో చేత్తో మూసేశాడు.

ఆ తర్వాత అంతా ఒకేసారి వచ్చేసింది. ఒక పెద్ద కంపెనీ మనిషి ఆ పూత తమకు ముందే అందితే తనకు వాటా ఇస్తానన్నాడు. మెయిన్ దించి, ఇస్తార్లు, డబ్బాలో సగం నూనె కారుకు చేరుస్తుంటే, ట్రేలు తిప్పడానికి బాలమల్లు గదిలోకి వచ్చాడు. అరవలేదు. దొంగా అనలేదు. మేడంకు తెలుసునా పటేలా అని మాత్రం అడిగాడు, మామూలుగా. ఆ మామూలుతనానికే భయం వేసిందని శ్రీకాంత్ అన్నాడు. బయటికొచ్చి గడియ పెట్టాడు. సామాను ఎక్కించేదాకా, ఏం చెప్పాలో ఆలోచించుకునేదాకా అనుకున్నాడు. కారులో కూర్చున్నాడు. ఆలోచన రాలేదు. తలుపు చప్పుడు వచ్చింది.

"కారు బయటికి తీసి, గేటు పక్కనున్న మెయిన్ ఆరూ నలభై ఒకటికి లేపిన. ఫ్యాన్ నడుస్తదనుకున్న. మా బాయికాడ ఆటో స్టార్టర్ ఉంటది, కరెంట్ రాంగనే మోటర్ అదే లేస్తది. గిది గూడ గట్లనే అనుకున్న. నేను చంపలే సార్. ఫ్యాన్ నడుస్తాందనుకున్న."

ఆ తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు బాలమల్లు బతికే ఉన్నాడన్న సంగతి ఎవరూ పైకి అనలేదు.

ప్రవీణ్ కూర్చుని కాగితం తీసుకున్నాడు. అంకిత పేరు కొట్టేయాలి, కోర్టుకు కబురు చేయాలి. లింగస్వామి వైపు చూడకుండానే, "టీ తాగుతవా అన్నా?" అన్నాడు. అతని నోట అన్నా అన్న మాట వెటకారం లేకుండా వచ్చి చాలా ఏళ్లయింది. మచ్చ బొల్లారంలో కుర్చీ అంచున కూర్చునే ఆ తల్లికి ఫోన్ చేయాలని లింగస్వామి అనుకున్నాడు.

"నా ఒక్కని పేరే రాస్తున్నరేంది?" అన్నాడు శ్రీకాంత్.

అతని గొంతులో ఏడుపు పోయింది. ఇంకేదో వచ్చింది. పడిపోయిన మనిషి పక్కవాడి చొక్కా పట్టుకున్నట్టుంది ఆ గొంతు.

"ఆయన నన్ను పిలువలే సార్. 'అంకితా, తలుపు తియ్యి బిడ్డా' అన్నడు. పిల్ల లేదు గద, ఎందుకు పిలుస్తుండని నేను తల తిప్పిన. ల్యాబ్ కిటికీల ఫోన్ లైట్ ఉండె. ఆ పిల్ల నిలబడి ఉండె. నన్ను చూసింది. నేను చూసిన. లైట్ బంద్ అయింది."

ప్రవీణ్ పెన్ను ఆగింది. అబద్ధమేనేమో అన్నాడు, మెల్లగా. ఆ మాట లింగస్వామి నోట వినాలని ఉన్నట్టు అతని వైపు చూశాడు.

లింగస్వామి తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు.

బెంచీ మీద ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు. ఈదమ్మ అంకిత చేతిని తన ఒళ్లో పెట్టుకుని, దాని మీద తన చేయి వేసి ఉంది. అతని ముఖం చూసి ఆశగా లేవబోయింది. అతను కూర్చోమని సైగ చేశాడు. ఈదమ్మను పక్కకు పంపి అడగొచ్చు. ఆ ఆలోచన అతనికి వచ్చింది. పంపితే ఈ పిల్ల రెండు రోజులుగా చెబుతున్నదే మళ్లీ చెబుతుంది. ఆ చేయి అక్కడ ఉన్నంతసేపే నిజం బయటికి వస్తుంది. అది క్రూరమని అతనికి తెలుసు. తెలిసే అడిగాడు.

"నోటుబుక్కు కోసం నువ్వొచ్చింది ఏడున్నరకు కాదు గదమ్మా?"

అంకిత నేలను చూస్తూనే చెప్పింది.

"ఆరు దాటంగనే వచ్చిన సార్. స్కూటీ ఎనక గేటు బయట పెట్టిన, ఆడ కెమెరా లేదు. కరెంట్ లేదు. ఫోన్ లైట్ ఏసుకున్న. సార్ కారుల సామాన్ ఎక్కిస్తుండె." ఆమె ఆగింది. "చూసిన్నని తెలిస్తే నన్ను గూడ ఏమన్న చేస్తడని భయమైంది."

"ఆయన పిలిచిండా?"

"పిలిచిండు."

"మరి?"

"లైట్ బంద్ చేసిన." ఆమె గొంతు వినపడీ వినపడనట్టుంది. "సార్ కారు పోయింది. కరెంట్ వచ్చింది. అప్పటికి తలుపు కొట్టుడు ఆగింది. బాపు ఎట్లనో బయటికి పోయిండు కావచ్చు అనుకున్న. గట్లనే అనుకుంట బొల్లారం దాకా పోయిన. ఇంటి ముందల బండి ఆపి... మళ్ల తిప్పుకొచ్చిన."

తెరిచిన తలుపులో ప్రవీణ్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. 

ఈదమ్మ అంకిత ముఖం వైపే చూస్తోంది, ఇంకా ఏదో చెబుతుందని ఎదురుచూస్తున్నట్టు. ఆమె చేయి అంకిత చేతి మీదనే ఉంది. తీసేసుకోవాలన్న సంగతి ఆ చేతికి ఇంకా చేరలేదు.